మా ఇంట్లో పద్నాలుగు కొక్కేలు

మా పెద్దమ్మకు కోపం వస్తే అరవదు, తిట్టదు, తలుపులు ధడేల్మని వెయ్యదు. పెరట్లోకి వెళ్ళి కొలిమి రాజేస్తుంది. ఒక ఇనప కమ్మీని నిప్పుల్లో పెట్టి, అది నారింజ రంగుకు తిరిగేదాకా కన్నార్పకుండా చూసి, బయటికి లాగి, ఏదో ఒక వస్తువు అయ్యేదాకా బాదుతుంది. అది చల్లారాక, ఎవరి మీద కోపం వచ్చిందో వాళ్ళింటికి తనే తీసుకెళ్ళి చేతిలో పెట్టి, "ఇది మీ మీద నాకొచ్చిన కోపం, ఉంచుకోండి" అని చెప్పి వచ్చేస్తుంది. మా వీధిలో ఆవిడ కోపం లేని ఇల్లు లేదు. మా ఇంట్లో అయితే పద్నాలుగున్నాయి. పద్నాలుగూ కొక్కేలే.

మీకు నవ్వు రావచ్చు. ఆవిడతో ఒకే ఇంట్లో ఉండి చూడండి, అప్పుడు మాట్లాడదాం. ఆవిడ మా అమ్మకు అక్క. కింద వాటాలో ఆవిడ, మేడ మీద నేనూ మా ఆవిడా, పెరడు ఇద్దరికీ ఉమ్మడి. ఉమ్మడి అని మేం అనుకున్నాం. ఇప్పుడా పెరట్లో ఒక మూల కొలిమి, ఒక మూల బొగ్గుల బస్తాలు, మధ్యలో పాత ఇనుము గుట్ట, మిగిలిన జానెడు స్థలంలో మా బట్టలు ఆరేసే తీగ. ఆ తీగ గురించి తర్వాత చెబుతాను. అక్కడికొచ్చేసరికి నాకు కోపం ఆగదు.

పెద్దమ్మ ముప్పై మూడేళ్ళు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంది. నాలుగు రోజులుగా నీళ్ళు రావడం లేదని ఒకరు, గొట్టం పగిలి వాకిలంతా చెరువైందని ఒకరు వచ్చి ఆవిడ మీద విరుచుకుపడేవారు. ఆవిడ ఉద్యోగమల్లా ఆ గోడు పుస్తకంలో రాసుకుని, ఒక నంబరిచ్చి, "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం" అనడమే. బాగుచేసేవాళ్ళు వేరే విభాగం. వాళ్ళు పై అంతస్తులో ఉంటారు, అడిగినప్పుడల్లా టీకి వెళ్ళి ఉంటారు. జనం ఆవిడను తిట్టవచ్చు, ఆవిడ జనాన్ని తిట్టకూడదు, అది రూలు. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారు. రిటైరైన రోజున ఒక గోడగడియారం ఇచ్చి పంపారు.

అసలు గొడవంతా ఆ గడియారంతో మొదలైంది. దాన్ని తగిలించడానికి నేను కొట్లోంచి మేకులు తెచ్చాను. మొదటి మేకు మొదటి దెబ్బకే వంగింది. రెండోదీ వంగింది. మూడోది తల ఊడి నా నుదుటికి తగిలింది. పెద్దమ్మ ఆ మూడు మేకుల్నీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ముప్పై మూడేళ్ళుగా లోపల దాచుకున్నది బయటికి వచ్చింది ఆ అరచేతిలోకే అని నా అనుమానం.

"ఒక మేకు చెయ్యడం కూడా చేతకాదా వీళ్ళకి?" అంది.

"ఇంకో కొట్లో తెస్తాలే పెద్దమ్మా."

"అక్కర్లేదు. నేను చేస్తాను."

ఏదో మాటవరసకు అందనుకున్నాను. మర్నాటికి పెరట్లో లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి ఇటికల మీద కూర్చుని ఉంది. దాని అడుగున గొట్టం, గొట్టానికి ఆ చివర మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను. అదే కొలిమి, అదే తిత్తి. మా ఆవిడ తడి తలతో మేడ మెట్ల మీద నిలబడి ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సినవన్నీ తర్వాత నన్ను అంది.

మొదటి మేకు తయారవడానికి పదకొండు రోజులు పట్టింది. తొలిరోజు ఆవిడ ఇనుము ఎర్రబడగానే కొట్టింది, అది లొంగలేదు. మర్నాడు నిప్పుల్లో మరిచిపోయింది, కమ్మీ తెల్లగా మండి నిప్పురవ్వలు చిమ్మి రెండు ముక్కలైంది. మూడో రోజు బాగా కొట్టి కింద పెట్టి, రంగు నల్లబడింది కదా చల్లారిందనుకుని చేత్తో పట్టుకుంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. నేను మందు రాస్తూ ఇక ఈ పిచ్చి చాలించమని బతిమాలాను. ఆవిడ నా మాట వినకుండా, ఎర్రగా ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరనీ, నల్లగా ఉన్నదే మనిషిని కాలుస్తుందనీ ఏదో కనిపెట్టినట్టు చెప్పింది. పదకొండో రోజున జానెడు పొడవు, బొటనవేలంత లావు మేకు ఒకటి తయారైంది. దాన్ని గోడకు దింపితే పళ్ళెమంత పెచ్చు ఊడి పడింది. గడియారం మాత్రం తగిలింది. ఇప్పటికీ అది పది నిమిషాలు ఆలస్యంగానే నడుస్తుంది, కానీ భూకంపం వచ్చినా గోడ మీంచి కదలదు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. పాత సామాన్ల కొట్టువాడి ద్వారా ఆవిడ ఒక ముసలి కమ్మరిని పట్టుకుంది. ఆయన చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. ఇనుముకు నారింజ రంగు వచ్చాకే సుత్తెత్తాలనీ, రంగు దిగగానే ఆపాలనీ, మొండి ఇనుముతో పోట్లాడకూడదు, మళ్ళీ నిప్పుల్లో పెట్టాలనీ ఆయనే నేర్పాడు. పోతూపోతూ తన దాగలి కూడా ఆవిడకే ఇచ్చేశాడు. దాగలి అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. దాన్ని తోపుడుబండి మీద నలుగురు మనుషులు తోసుకొచ్చారు, నాలుగోవాణ్ణి నేనే. అప్పటిదాకా ఆవిడ రైలు పట్టా ముక్క మీద కొట్టేది, ఆ చప్పుడు మా ఇంటివరకే ఉండేది. దాగలి మీద మొదటి దెబ్బ పడగానే ఎదురింటి కుక్క మంచం కిందికి దూరింది.

ఇక కోపాల పంపిణీ మొదలైంది. మొదటిది నాకే. ఈ వయసులో ఇదంతా ఎందుకు పెద్దమ్మా అన్నాను, అంతే. సాయంత్రానికి నా చేతిలో వేడి తగ్గని కొక్కెం ఒకటుంది. "నా వయసు ఎత్తావు. దీన్ని తలుపు పక్కన కొట్టుకో. అక్కడే, ఇంకెక్కడా కాదు" అంది. జుట్టు మిషను తిరిగిమ్మన్నందుకు రెండో కొక్కెం, అది స్నానాలగది బయట కొట్టాలి. ఆవిడ చేసిన కొక్కేన్ని "ఫరవాలేదు" అన్నందుకు మూడోది. నేను అబద్ధమాడినా కొక్కెమే, నిజం చెప్పినా కొక్కెమే. నోరు మూసుకుని రెండు రోజులు తిరిగితే, మాట్లాడటం లేదని ఏడో కొక్కెం ఇచ్చింది. ఎక్కడ కొట్టాలో మాత్రం ప్రతిసారీ వేలు పెట్టి చూపించేది. నేను కొట్టేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

వీధిలోవాళ్ళ పరిస్థితీ ఇంతే. పక్కింటి లెక్కల మాస్టారు ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, నిమిషానికి నలభై మూడు దెబ్బలు పడుతున్నాయనీ, ఈ లెక్కన ఆదివారానికి తన చెవులు పోతాయనీ అన్నారు. మూడో రోజున ఆయన నడకకు వెళ్ళి వచ్చేసరికి వాళ్ళ గుమ్మం మెట్ల పక్కన నిలువెత్తు ఇనప కమ్మీ ఒకటి సిమెంటు వేసి పాతి ఉంది. పైన మెలితిప్పిన పిడి కూడా ఉంది. "మీ మీద కోపం మాస్టారూ, కొంచెం పెద్దదైంది" అని చెప్పి వచ్చేసింది. జాకెట్టు చేతులు పొట్టిగా కుట్టినందుకు టైలరుకు మూడుకాళ్ళ ఇస్త్రీపెట్టె స్టాండు ముట్టింది. పాలల్లో నీళ్ళెక్కువయ్యాయని పాలావిడ సైకిలుకు క్యాను ఊగకుండా పట్టే కొండీ బిగించింది.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కోపం ఒకటి, వస్తువొకటి. జాకెట్టుకూ ఇస్త్రీపెట్టె స్టాండుకూ ఏమిటి సంబంధం? దెబ్బలు లెక్కపెట్టినందుకు మెట్ల పక్కన కమ్మీ ఏమిటి? కోప్పడటానికైనా ఒక పద్ధతుండాలి కదా. ఈ మాటే మా ఆవిడతో అంటే, మీకెందుకు, మిమ్మల్ని కొక్కేలతో వదిలేస్తోంది కదా అంది. అప్పటికే ఇంట్లో పదమూడున్నాయి.

ఇక తీగ సంగతి. ఆఫీసులో నాకు పైహోదా కోసం ఇంటర్వ్యూ పడింది. ఆ సంవత్సరం నా టైము బాగుంది. అంతకుముందు ఆలస్యంగా వస్తున్నావని ఆఫీసరు నాకు మూడు మెమోలిచ్చాడు. ఆ ఏడాది ఒక్కటీ లేదు. వయసుతోపాటు క్రమశిక్షణ వచ్చిందని మురిసిపోయాను. ముందురోజు తెల్లచొక్కా ఉతికి తీగ మీద ఆరేశాను. ఉదయం తీసుకోవడానికి వెళితే చొక్కా నిండా నల్లటి చుక్కలు. జేబు మీద వేలిముద్రంత మసి. పెద్దమ్మ ఆ పొద్దున్నే ఎవరి మీదో కోపం తీర్చుకుంటోంది. ఠంగు, ఠంగు, ఠంగు. నా చొక్కా సంగతి చెబితే తలైనా ఎత్తలేదు, ఇనుము రంగు దిగిపోతుంది అడ్డురాకు అంది. నేను గళ్ళచొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాను. లోపల కూర్చున్న ముగ్గురిదీ తెల్లచొక్కానే.

ఆ సాయంత్రం ఇంటికి కూడా వెళ్ళలేదు. సరాసరి మాస్టారింటికి వెళ్ళి, వార్డు ఆఫీసుకు ఫిర్యాదు పెడదాం అన్నాను. మాస్టారు ఈ మాట కోసమే బతికున్నట్టు లేచి కాగితం తెచ్చారు. ఆయన చెప్పారు, నేను రాశాను. చప్పుడు, పొగ, మసి, ప్రశాంతతకు భంగం. రుజువైతే కొలిమి పీకేస్తారనీ, దాగలి బండెక్కించుకుని పోతారనీ ఆయన చెప్పగానే నా ప్రాణం లేచివచ్చింది. మొదటి సంతకం నాది, రెండోది మాస్టారిది. మిగతావాళ్ళ సంతకాల కోసం ఆయన వీధంతా తిరిగారు. టైలరు కళ్ళజోడు లేదన్నాడట, పాలావిడ చదువు రాదందట, ఒకాయన రేపు రమ్మన్నాడట. పిరికి జనమని మాస్టారు తిట్టుకుంటూ రెండు సంతకాలతోనే ఇచ్చి వచ్చారు.

తర్వాత పది రోజులు నా బతుకు ఏం చెప్పమంటారు. కోపం మూడో రోజుకే చల్లారింది. నాలుగో రోజు నుంచి భయం. పెద్దమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తే నేలచూపులు చూస్తూ తాగేవాణ్ణి. ఐదో రోజున పద్నాలుగో కొక్కెం ఇచ్చింది. ఎందుకని అడిగితే, ఈమధ్య నా మొహం చూడటం లేదు, అందుకు అంది.

పదకొండో రోజు, సెలవురోజు పొద్దున్న, వార్డు ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా, చంకలో ఫైలుతో. పెరట్లోకి వచ్చి, మీ మీద ఫిర్యాదు వచ్చిందండీ అని గొణిగాడు. నేను మేడమెట్ల మీద నిలబడిపోయాను. కిందికి దిగలేను, పైకి ఎక్కలేను.

"ఫిర్యాదా? ఏదీ, ఇలా ఇవ్వండి" అంది పెద్దమ్మ.

సంతకాలు కనబడకుండా కింది అంచు మడిచి ఇచ్చాడతను. ఆవిడ తోలు చేతొడుగులు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితం పైనుంచి మడతదాకా చదివింది. ఆవిడ మొహంలో మెల్లగా కోపం చేరడం నాకు కనబడుతూనే ఉంది.

"ఎవరు రాశారండీ ఇది? తేదీ లేదు. ఏ వేళల్లో చప్పుడో రాయలేదు. ఎంత దూరంలో ఉంటారో రాయలేదు. దీన్ని ఏ కౌంటర్లోనూ తీసుకోరు. మీరెలా తీసుకున్నారు?"

ఇన్‌స్పెక్టరు నసిగాడు. ఆవిడ అతని జేబులోంచి పెన్ను తీసుకుని దాగలి మీదే కాగితం పెట్టి, తన మీద వచ్చిన ఫిర్యాదును తనే పూర్తి చేయడం మొదలుపెట్టింది. తేదీ వేసింది. ఉదయం ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా కొడుతుందో నిజాయితీగా రాసింది. చప్పుడు అన్నచోట "మిక్కిలి" అని చేర్చింది. దూరం అన్నచోట ఆగి, కాగితం కాస్త దగ్గరికి తీసుకుంది. నా చేతిరాత ఎడమకి వాలుతుంది. చిన్నప్పుడు నిటారుగా రాయమని స్కేలుతో నా వేళ్ళ మీద కొట్టిన మనిషి ఆవిడే. ఆవిడ తలెత్తి మెట్లవైపు చూడలేదు. దూరం దగ్గర "పద్దెనిమిది మెట్లు" అని రాసి ఇచ్చేసింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది. మీ ఫిర్యాదు నమోదైంది. కానివ్వండి."

ఇన్‌స్పెక్టరు రూల్సు చదివాడు. వీధిలోవాళ్ళను విచారించాలి. ఇబ్బంది నిజమని తేలితే వారంలోగా కొలిమి తీసెయ్యాలి, దాగలిని ఆఫీసువాళ్ళు పట్టుకుపోతారు. పెద్దమ్మ పక్కనున్న పాత గుడ్డ తీసుకుని దాగలి ముక్కును తుడవడం మొదలుపెట్టింది. ఆవిడ మొహం ఎర్రబడలేదు. నల్లగా, చల్లగా ఉంది. బొబ్బలెక్కిన ఆ రోజు ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. నా మీద నాకే వచ్చినంత కోపం జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.

విచారణ పక్కింటితో మొదలైంది. పాపభీతి కొద్దీ నేనూ వెంట వెళ్ళాను. మాస్టారు గుమ్మంలో నిలబడి నిమిషానికి నలభై మూడు అని ఎత్తుకునేలోపే, వెనక నుంచి ఆయన భార్య వచ్చారు. మేము పిన్నిగారు అంటాం. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ గడప దాటగా చూసి రెండేళ్ళయింది. ఆ రోజు ఆవిడ మెట్ల పక్కన ఇనప కమ్మీ పిడి పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, వీధిలోకి వచ్చి నిలబడ్డారు.

"కొలిమి తీసేస్తారా? వద్దు నాయనా. నాకు బాత్రూములో కూడా ఇలాంటిదొకటి కావాలి" అన్నారు.

"కావాలంటే ఆవిణ్ణి అడగండమ్మా, అది వేరే సంగతి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అడిగితే ఇవ్వదు. కోపం తెప్పించాలి. నెలరోజులుగా ప్రయత్నిస్తున్నా. మొన్న ఆవిడ కూర బాగాలేదని కూడా అన్నాను. ఊరికే నవ్వి ఊరుకుంది."

మాస్టారు నోరు తెరిచి ఆ కమ్మీ వంక చూశారు. రోజుకు పదిసార్లు దాన్ని తిట్టుకుంటూ దాటే మనిషి, భార్య దాన్ని పట్టుకుని దిగడం అదే మొదటిసారి చూస్తున్నారు. ఆయన నడకకు వెళ్ళినప్పుడు ఆవిడ రోజూ దిగుతున్నారట. మాకెవరికీ తెలియదు.

ఆ తర్వాత విచారణ ఇన్‌స్పెక్టరు చేతిలో లేదు. టైలరు కళ్ళజోడు పెట్టుకునే వచ్చి, ఇస్త్రీపెట్టె మీద పడి కాలిన మచ్చ మోచేతి మీద చూపించాడు. స్టాండు వచ్చాక మళ్ళీ కాలలేదన్నాడు. ఇప్పుడు బల్లకింద పెడలుకు ఆసరా కావాలి, అందుకని పెద్దమ్మ జాకెట్టు రెండోసారి కూడా కావాలనే పొట్టిగా కుట్టాడట. పాలావిడ వేళ్ళు చూపించింది. క్యాను ఊగి హ్యాండిలుకు కొట్టుకుని గీరుకుపోయిన వేళ్ళు ఇప్పుడు మానాయి.

"నేను నీళ్ళు కలిపేది కూడా అందుకే సారూ. వెనక చక్రానికి కూడా ఒక కొండీ పడుతుందని" అంది పాలావిడ.

"అంతకుముందు కలపలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పాలావిడ ఆ ప్రశ్న విననట్టు సైకిలు సర్దుకుంది.

నేను వీధి మధ్యలో నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. తలుపు పక్కన కొక్కెం, అక్కడ నా స్కూటరు తాళాలు. స్నానాలగది బయట కొక్కెం, అక్కడ వాచీ. మంచం పక్కన కళ్ళజోడు, బీరువా పక్కన ఆఫీసు గుర్తింపు కార్డు, కిటికీ దగ్గర గొడుగు. పెళ్ళయినప్పటి నుంచి పొద్దున్నే తాళాలేవీ, వాచీ ఏదీ అని ఇల్లంతా దేవుకుని ఆఫీసుకు ఆలస్యంగా పోయేవాణ్ణి. మూడు మెమోలు అందుకే. నాకు క్రమశిక్షణ రాలేదు, నా ఇంటికి పద్నాలుగు కొక్కేలు వచ్చాయి. వీధిలో అందరికీ అర్థమైంది, పాలావిడకు కూడా అర్థమైంది, ఒకే ఇంట్లో ఉండి కాఫీ తాగే నాకు తప్ప. మా ఆవిడకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీస్తే, చెబితే మీరు వెళ్ళి ఆవిడకు థాంక్స్ చెప్పి పాడుచేస్తారు అంది.

అందరం కలిసి తిరిగి పెరట్లోకి వచ్చాం. ఇన్‌స్పెక్టరు ఫైలు మూసి, అయితే ఇవన్నీ ఊరికే ఇవ్వొచ్చు కదండీ, కోపమని ఎందుకు చెప్పడం అని అడిగాడు. పెద్దమ్మ కొలిమిలో బొగ్గులు కదిపింది.

"ఊరికే ఇస్తే తీసుకోరు. జాలిపడ్డాననుకుంటారు. కోపమంటే భయపడి తీసుకుంటారు" అంది. బొగ్గులు మళ్ళీ కదిపి, "అయినా కోపం అబద్ధం కాదు. ముప్పై మూడేళ్ళు జనం కష్టం చెప్పుకుంటే నంబరిచ్చి పంపాను. ఇప్పుడెవరి కష్టం చూసినా నాకు మండుతుంది" అంది.

మాస్టారే ముందు గొంతు సవరించుకుని, అయినా నలభై మూడు దెబ్బలు నలభై మూడేనని అన్నారు. అదీ నిజమే. ఇన్‌స్పెక్టరు ఆలోచించి, చప్పుడు తగ్గించే దారి ఏదైనా ఉంటే చెప్పండి, అలాగే రాసేస్తాను అన్నాడు. ఉంది. దాగలిని ఇసక నింపిన చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, నడుముకు బరువైన గొలుసు చుడితే మోత సగానికి సగం చచ్చిపోతుందని ముసలి కమ్మరి మొదటిరోజే చెప్పాడట. మరెందుకు చెయ్యలేదని నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఆ మోత వింటే తనకు హాయిగా ఉంటుంది, ముప్పై మూడేళ్ళు నోరెత్తలేదు కదా అంది. వెళ్ళి ఇసక తెచ్చాను. పదహారు తట్టలు. ఒక్కణ్ణే మోశాను. మాస్టారు గేటు దగ్గర నిలబడి తట్టలు లెక్కపెట్టారు.

మధ్యాహ్నానికి దాగలి పెట్టెలో కూర్చుంది, గొలుసు చుట్టుకుంది. పెద్దమ్మ ఒక దెబ్బ వేసి చూసింది. ఠంగుమనలేదు, డబ్‌మంది. మొహం అదోలా పెట్టి, సరేలే అంది. కొలిమి గోడకు ఆ పక్కకు మారింది, తీగ ఈ పక్కకు వచ్చింది. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అని ఇన్‌స్పెక్టరు రాశాడు. ఫిర్యాదు కాగితం నకలు ఆఫీసుకు, అసలుది ఆవిడకు. వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి, తమ ఆఫీసు వాకిట్లో మెట్టు ఒకటి విరిగి ఆరు నెలలైందండీ అని ఎటో చూస్తూ చెప్పాడు. ఫిర్యాదు పెట్టారా అని అడిగింది పెద్దమ్మ. పెట్టామన్నాడు. ఆవిడ పళ్ళు కొరికింది.

పై హోదా నాకు వచ్చింది, గళ్ళచొక్కాతోనే. ఆ సంగతి చెప్పడానికి కిందికి వెళ్ళాను. దారిపొడుగునా క్షమించమని ఎలా అడగాలో వల్లె వేసుకున్నాను. నేను నోరు తెరవకముందే పెద్దమ్మ కొలిమి పక్కనుంచి ఒక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. కొక్కెం కాదు. గుండ్రటి ఇనప పీట, దాని మధ్యలోంచి సూదిలాంటి ముల్లు, నిటారుగా. ఆఫీసుల్లో కాగితాలు గుచ్చిపెట్టుకునేదే. ఆ ముల్లుకు అప్పటికే ఒక కాగితం గుచ్చి ఉంది. ఎడమకి వాలిన నా చేతిరాత, కింద నా సంతకం, పక్కన ఆవిడ నిటారుగా రాసిన "పద్దెనిమిది మెట్లు".

"పెద్దమ్మా..."

"మాట్లాడకు. ఇది నీ మీద కోపం. నీ బల్ల మీద పెట్టుకో. అక్కడే, ఇంకెక్కడా కాదు."

"ఇంత పొడుగెందుకు?"

"నువ్వు ఊరుకోవుగా. ఇంకా చాలా రాస్తావు" అంది.

ముల్లు నా బల్ల మీదే ఉంది. ఆ ఒక్క కాగితం తప్ప ఇంకేమీ గుచ్చలేదు. కిందటి వారం మా ఆవిడకు చెప్పుల స్టాండు కావాలనిపించింది. ఏమంటే పెద్దమ్మకు కోపం వస్తుందా అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం. చివరికి నేనే కిందికి వెళ్ళి, నీ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోంది అన్నాను. ఆవిడ నన్నూ, నా చెప్పుల్లేని కాళ్ళనూ, మెట్ల మీద నిలబడ్డ మా ఆవిణ్ణీ ఒకసారి చూసి, కొలిమి రాజేసింది.